గాలి తగిలితే చెడేదేది, చెడనిదేది?

పండుగల హడావుడి లేని ఈ నెలలో ఏదైనా ఒక శాస్త్ర విషయం రాసిమ్మని సంపాదకవర్గం వారు అడిగారు. వైద్యులం గనుక మధుమేహం గురించో, రక్తపోటు గురించో రాస్తామని వారి ఊహ. ఆ రెండింటి గురించీ మన వాళ్ళకు కావలసినంత తెలుసు, పాటించడమే తరువాయి. అందుచేత ఈసారి ఒక రాయిని గురించి రాస్తున్నాం.

ఆ రాయి సంగతి మా దాకా వచ్చిన తోవ ఇది. ఇక్కడ హవల్లీలో మా భవనంలోనే ఉండే ఒక ఇంజనీరుగారి అబ్బాయి పదకొండో తరగతి చదువుతున్నాడు. ఎక్కడో ఒక వ్యాసం చదివి, కాగితం పట్టుకుని వచ్చాడు. కొన్ని స్ఫటికాలున్నాయట, లోపల కరెంటు పారదు, పైపొర మీద మాత్రం పారుతుంది. ఆ పైపొర ప్రవాహాన్ని మురికిగానీ గీతలుగానీ పోగొట్టలేవు అని వ్యాసం గట్టిగా చెబుతోంది. వ్యాసం కింద ఒక బొమ్మ. గుండ్రటి గాజు కిటికీలున్న పెద్ద ఉక్కు పాత్ర. గాలి సోకకుండా ఆ స్ఫటికాన్ని అందులో పెట్టి పరీక్షిస్తున్నారు. "ఏదీ ఏమీ చెయ్యలేదని రాశారు గదా అంకుల్, మరి గాలి తగలకుండా అంత జాగ్రత్త దేనికి?" అని వాడి ప్రశ్న.

ప్రశ్న మంచిది. చదివి చెబుతామన్నాం. చదువుతూ పోతే విషయం ఆ అబ్బాయికే కాదు, వార్తాపత్రికల్లో శాస్త్ర విశేషాలు చదివే మనందరికీ పనికివస్తుందని తోచింది.

గాలి తగిలితే వస్తువులు ఏమవుతాయో మన ఇళ్ళలో ఆడవాళ్ళకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఇత్తడి చెంబుకు చిలుము పడుతుంది. చింతపండు పెట్టి తోమితే పోతుంది. వెండి కుంది నల్లబడుతుంది. దానికి కారణం ప్రాణవాయువు కాదు, గాలిలో లేశమాత్రంగా ఉండే గంధకపు వాయువులు. ఇనుముకు తుప్పు పట్టి, ఆ తుప్పు పొరలు పొరలుగా రాలి, లోపలి ఇనుము మళ్ళీ గాలికి బయటపడుతుంది. అల్యూమినియం గిన్నెకూ తుప్పు లాంటిదే పడుతుందిగాని, ఆ ఆక్సైడ్ పొర మిల్లీమీటరులో లక్షో వంతుకన్నా పలచన. గట్టిగా అంటుకుని ఉండి లోపలి లోహాన్ని అదే కాపాడుతుంది. బంగారానికి ఏమీ కాదు, అందుకే దాని ధర అలా ఉంది. ఒకే గాలి, ఐదు లోహాలకు ఐదు ఫలితాలు. కాబట్టి గాలి తగిలితే ఏమవుతుంది అన్న ప్రశ్నకు ఒకటే జవాబు లేదు. ఏ వస్తువుకు, ఏ పొరకు, దాని ఏ గుణానికి అని అడగాలి.

ఇప్పుడు మన రాయి. దాని పేరు బిస్మత్ సెలినైడ్. అక్క పేరు బిస్మత్ టెల్లూరైడ్. పేర్లు కొత్తగా వినిపించినా ఇందులో ఉన్నవాళ్ళు మనకు పాత పరిచయస్థులే. బిస్మత్ లవణాలను కడుపులో పుండ్లకు వైద్యులు ఎప్పటినుంచో వాడుతున్నారు. హెలికోబాక్టర్ అనే సూక్ష్మజీవిని తరిమే నాలుగు మందుల చికిత్సలో అదొకటి. సెలీనియం అతి కొద్ది మోతాదులో మన శరీరానికి అవసరమైన మూలకం, మోతాదు మించితే విషం. టెల్లూరియంతో పనిచేసేవారికి ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. అది లేశమాత్రం ఒంట్లోకి పోయినా శ్వాస రోజుల తరబడి వెల్లుల్లి వాసన వేస్తుంది. మన వంటలకు అలవాటుపడిన ఇళ్ళలో ఆ తేడా ఎవరూ కనిపెట్టరేమో!

బిస్మత్ టెల్లూరైడ్‌ను కరెంటుతో చల్లదనం పుట్టించే పలకలకు వాడవచ్చని 1954లోనే ఇంగ్లండులో గోల్డ్‌స్మిడ్, డగ్లస్ చూపించారు. కారులో పెట్టుకునే చిన్న చల్లపెట్టెల్లోనూ, ప్రయోగశాలల్లో పీసీఆర్ యంత్రాల్లోనూ ఉండే పెల్టియర్ పలకలు సాధారణంగా దీనితోనూ దీని మిశ్రమాలతోనూ చేసినవే. 2020లో కోవిడ్ పరీక్షలకు ముక్కులో పుల్ల పెట్టించుకున్న మనందరి నమూనాలూ ఇటువంటి యంత్రాల్లో వేడెక్కి చల్లబడినవే. అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఆ పలకలు పనిచేసేది స్ఫటికపు లోపలి గుణంతో. మనం చెప్పుకోబోయే పైపొర మహిమకూ దానికీ సంబంధం లేదు. అరవై ఏళ్ళకు దగ్గరగా మనుషుల చేతుల్లో తిరుగుతున్న పదార్థానికి ఎవరికీ తెలియని మరో గుణం ఉన్నట్లు 2009లో బయటపడింది.

ఆ గుణాన్నే టోపలాజికల్ అంటున్నారు. టోపాలజీ అనేది గణితంలో ఒక శాఖ. ఒక ఆకారాన్ని చింపకుండా, అతికించకుండా ఎంత సాగదీసినా నొక్కినా మారని లక్షణాలేవో అది చూస్తుంది. ఇడ్లీని నొక్కి దోసెలా చేయవచ్చు. గారెగా మాత్రం చేయలేం, చిల్లు పొడిస్తే తప్ప. చిల్లు ఒకటి ఉంటుంది, రెండుంటాయి, ఒకటిన్నర ఉండదు. 2016లో థౌలెస్, హాల్డేన్, కోస్టర్లిట్జ్‌లకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించినప్పుడు కమిటీ సభ్యుడొకరు తమ దేశపు రొట్టెలు, చిల్లు రొట్టెలు చేతబట్టుకుని ఈ సంగతే చెప్పారు. గారెలు దొరికి ఉంటే ఇంకా సులువయ్యేది.

స్ఫటికంలో ఎలక్ట్రానుల అమరికకు కూడా ఇటువంటి లెక్క ఉంది. సాధారణ బంధకంలో, అనగా కరెంటు పారని పదార్థంలో, ఆ అమరిక ఇడ్లీ లాంటిది. బిస్మత్ సెలినైడ్ లోపలి భాగమూ బంధకమేగాని, బిస్మత్ బరువైన మూలకం కావడం వల్ల ఎలక్ట్రానుల శక్తి పట్టీలు ఒకదానితో ఒకటి తారుమారై గారెలాంటి అమరిక ఏర్పడింది. స్ఫటికానికి బయట ఉన్నది గాలి, లేదా శూన్యం. అది ఇడ్లీ రకం. మరి ఆ రకం ఈ రకాన్ని కలిసే సరిహద్దులో ఏమి జరగాలి?

ఇక్కడ గారెను వదిలి రోడ్డు మీదికి రావాలి. ఇండియాలో మనం ఎడమవైపు బండి నడుపుతాం, కువైట్‌లో కుడివైపు. వచ్చిన కొత్తల్లో మనలో ఎంతమంది తప్పువైపు తలుపు తెరిచామో! ఎడమ దేశమూ కుడి దేశమూ ఒకదానినొకటి ఆనుకుని ఉంటే, రోడ్డు మీద ఎక్కడో ఒకచోట బండ్లు ఇటునుంచి అటు మారక తప్పదు. థాయిలాండు, లావోస్‌ల మధ్య మెకాంగ్ నదిపై 1994లో కట్టిన స్నేహ వంతెన మీద ఇదే జరుగుతుంది. వంతెన మీద ఎడమవైపు నడిచి, లావోస్ వైపు దిగిన తరువాత కుడికి మారతారు. ఆ మార్పిడి చోటు థాయిలాండు సొత్తూ కాదు, లావోస్ సొత్తూ కాదు. రెండు దేశాల నియమాలు వేరు కావడం వల్ల పుట్టింది. ఆ చోట రోడ్డు తవ్వేస్తే మార్పిడి మరికాస్త అవతల జరగాలి. దానిని నిర్మూలించాలంటే ఒక దేశం తన నియమమే మార్చుకోవాలి.

బిస్మత్ సెలినైడ్ పైపొర అటువంటి మార్పిడి చోటు. లోపలి అమరిక, బయటి అమరిక ఒకటి కావు గనుక, సరిహద్దులో ఎలక్ట్రానులు కదిలే దారి ఏర్పడక తప్పదు. పై పొరను గీకేస్తే దాని కింది పొరే కొత్త సరిహద్దు. దారి అక్కడికి దిగుతుంది. పైగా ఆ దారిలో కుడికి పోయే ఎలక్ట్రాను స్పిన్ ఒకవైపు, ఎడమకు పోయేదాని స్పిన్ దానికి ఎదురువైపు ఉంటాయి. కాబట్టి ఎదురైన చిన్న మలినానికి తగిలి ఎలక్ట్రాను నిలువునా వెనక్కు తిరగడం కుదరదు. దీనికి కాపలా కాసేది కాల విపర్యయ సౌష్ఠవం అనే నియమం. అయస్కాంత గుణం చొరబడితే ఆ కాపలా పోతుంది. మామూలు మురికి వల్ల పోదు.

సౌష్ఠవం మాట వచ్చింది గనుక ఒక చిన్న పక్కదారి. స్ఫటికాల గుణాలను సౌష్ఠవం నుంచే లెక్కగట్టే విద్యను మన దేశంలో స్థిరపరచినవారిలో ముఖ్యులు కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో 1909లో పుట్టిన సూరి భగవంతంగారు. ఆయన, టి. వెంకటరాయుడుగారు కలిసి రాసిన ‘థియరీ ఆఫ్ గ్రూప్స్ అండ్ ఇట్స్ అప్లికేషన్ టు ఫిజికల్ ప్రాబ్లమ్స్’ అనే గ్రంథాన్ని 1948లో వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వారు ప్రచురించారు. టోపలాజికల్ పదార్థాల ఊసు అప్పటికి లేదు. అయినా ఈనాడు వాటిని వెతికేవారు మొదట చూసేది స్ఫటిక సౌష్ఠవాన్నే. మన పిల్లలకు ఇంట్లో చెప్పవలసిన పేర్లలో ఇదొకటని మా అభిప్రాయం.

చరిత్ర త్వరగా చెప్పేస్తాం. పలచని పొరల అంచుల్లో ఇటువంటి దారి ఉండవచ్చని 2005లో కేన్, మెలె లెక్కగట్టారు. పాదరసం, టెల్లూరియం కలిసిన పొరల్లో 2007లో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో మోలెన్‌కాంప్ బృందం దానిని కొలిచింది. ఘనమైన స్ఫటికాల పైపొర మీద కూడా ఉంటుందని లెక్కలు తేలాక, 2008లో ప్రిన్‌స్టన్‌లో హసన్ బృందం బిస్మత్, ఆంటిమొనీ మిశ్రమంలో చూసింది. 2009లో బిస్మత్ సెలినైడ్, బిస్మత్ టెల్లూరైడ్‌ల వంతు. అక్కడి నుంచి ప్రపంచమంతా ఈ రాళ్ళ మీద పడింది. వేడెక్కకుండా పనిచేసే చిప్పులు, స్పిన్‌తో నడిచే జ్ఞాపకశక్తి పరికరాలు, కొత్త రకం కంప్యూటర్లు అంటూ ఆశలు పెరిగాయి.

సరిగ్గా అక్కడే గాలి అడ్డుపడింది.

ఒక లెక్క చూడండి. మామూలు గదిలో, మామూలు పీడనంలో, ఏ ఉపరితలానికైనా గాలి అణువులు ఎంత వేగంగా వచ్చి తగులుతాయంటే, పైపొరలోని ఒక్కొక్క పరమాణువు సెకనుకు సుమారు 30 కోట్ల దెబ్బలు తింటుంది. తగిలినవన్నీ అంటుకోవు, కొన్ని అంటుకున్నా చాలు, కొత్తగా చీల్చిన స్ఫటికపు ముఖం రెప్పపాటులోపలే పాతదవుతుంది. అందుకే ఆ ఉక్కు పాత్రలో గాలిని దాదాపు పూర్తిగా తోడేస్తారు. వాతావరణ పీడనంలో లక్ష కోట్ల వంతుకన్నా తక్కువకు దించితే, ఒక పరమాణువుకు కొన్ని గంటలకు ఒక దెబ్బ తగులుతుంది. పరిశోధకులకు చేతిలో ఉండే వ్యవధి అదే. అంత శూన్యంలో కూడా బిస్మత్ సెలినైడ్ చీల్చిన కొద్ది గంటల్లో దాని కొలతలు జరిగిపోతూ ఉంటాయి. హవల్లీ సంగతి వేరే చెప్పాలా? ఆగ్నేయపు గాలి తిరిగి, అద్దాల బయట నీళ్ళు కారే ఆగస్టు రాత్రుల తేమ మనకు తెలిసిందే.

గాలి తగిలితే ఏం కొలతలు మారతాయి? మా వృత్తిలోని ఒక ఉదాహరణతో చెబితే సులువు. ఊపిరి అందని రోగి ధమని నుంచి రక్తం తీసి అందులోని వాయువులను కొలుస్తాం. సిరంజిలో ఒక గాలి బుడగ ఉండిపోయిందనుకోండి. రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బుడగలోకి పోయి కొలత తగ్గుతుంది. ప్రాణవాయువు పీడనం గదిలోని గాలి వైపు, అనగా 150 మిల్లీమీటర్ల వైపు జరుగుతుంది. అది 60 ఉన్న రోగికి అంతకన్నా మెరుగైన అంకె కనబడుతుంది. యంత్రం తప్పు చెప్పలేదు. తనకిచ్చిన దానిని సరిగానే కొలిచింది. అయితే అది కొలిచినది రోగినా, బుడగనా?

బిస్మత్ సెలినైడ్ విషయంలోనూ ఇదే ప్రమాదం. స్ఫటికంలో ఎలక్ట్రానులు బావిలో నీళ్ళలాగా అడుగు నుంచి ఒక మట్టం వరకు నిండి ఉంటాయని ఊహించండి. పైపొర దారి శక్తి బొమ్మ గీస్తే ఇంటూ గుర్తులా ఉంటుంది. రెండు గీతలూ ఒకదానినొకటి కోసే ఆ నడిమి చుక్కను డిరాక్ బిందువు అంటారు. ఎలక్ట్రానుల మట్టం ఆ చుక్క దగ్గర ఉంటే పైపొర ప్రవాహం శుభ్రంగా కనబడుతుంది. కాని బిస్మత్ సెలినైడ్‌లో సెలీనియం పరమాణువులు తేలికగా జారిపోతాయి. జారిపోయిన ప్రతి ఖాళీ రెండేసి ఎలక్ట్రానులను స్ఫటికానికి వదిలిపోతుంది. అంటే మట్టం మొదటినుంచే ఎక్కువ. దీనికి తోడు గాలి. నీటి ఆవిరి పైపొరతో రసాయన చర్య జరిపి ఇంకా ఎలక్ట్రానులు చేరుస్తుందని 2011లో స్టుట్‌గార్ట్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవారు చూపించారు. మట్టం పెరిగి, నడిమి చుక్క లోతుకు మునిగిపోతుంది.

అంతటితో ఆగదు. పైపొరకు చేరిన ఆవేశం వల్ల, దాని కిందనే కొన్ని నానోమీటర్ల మేర శక్తి పట్టీలు కిందికి వంగుతాయి. వానాకాలంలో రోడ్డు పక్క నేల దిగబడి గుంట ఏర్పడ్డట్టు అన్నమాట. గుంట ఉంటే నీళ్ళు నిలుస్తాయి; అక్కడ మామూలు ఎలక్ట్రానులు చేరతాయి. వీటికి టోపాలజీతో పని లేదు, స్పిన్ క్రమశిక్షణా అంతగా లేదు, కాని కరెంటును చక్కగా మోస్తాయి. అసలు దారితోపాటు ఈ గుంట కూడా ఉంటుందని 2010లో డెన్మార్కులోని ఆర్హస్ విశ్వవిద్యాలయం బృందం కళ్ళకు కట్టినట్టు చూపింది. ఇప్పుడు ఆ స్ఫటికానికి రెండు తీగలు తగిలించి కరెంటు కొలిస్తే మీటరు ఒక అంకె చూపుతుంది. అందులో పైపొర దారి వాటా ఎంత, గుంట వాటా ఎంత, లోపలి స్ఫటికపు వాటా ఎంత? మీటరుకు తెలియదు. టోపలాజికల్ ప్రవాహం కనిపెట్టామని ఉత్సాహంగా చెప్పిన కొలతలన్నింటినీ మొదట అడగవలసిన ప్రశ్న ఇదే.

పాఠకులకు ఇక్కడ ఒక సందేహం రావాలి. గాలి నిజంగా ఈ స్ఫటికాన్ని తినేస్తుందా, పైన కూర్చుంటుందా? దీనిమీద పరిశోధకులలోనే పేచీ ఉంది. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో యీ కుయ్ బృందం, సన్నని బిస్మత్ సెలినైడ్ పట్టీల మీద గాలి తగిలిన కాసేపటికే ఆక్సైడ్ పొర ఏర్పడుతున్నదని, పైపొర చెడడానికి అదే ముఖ్య కారణమని రాసింది. 2013లో మాస్కోకు చెందిన యాషినా బృందం దీనికి భిన్నంగా, చక్కగా చీల్చిన బిస్మత్ సెలినైడ్, బిస్మత్ టెల్లూరైడ్ ముఖాలు ప్రాణవాయువుతోగానీ నీటితోగానీ చెప్పుకోదగ్గ చర్య జరపవు పొమ్మన్నది. ఇద్దరూ పేరున్నవారే. రెండూ చదివినప్పుడు మాకు తోచినది ఏమంటే, ఇద్దరూ చూసిన రోగి ఒకడు కాడు. ఈ స్ఫటికం ఐదేసి పరమాణు పొరల కట్టలుగా ఉంటుంది. కట్ట మందం సుమారు ఒక నానోమీటరు. కట్టకూ కట్టకూ మధ్య పట్టు బలహీనం గనుక, బంక టేపు అంటించి లాగితే చదునుగా చీలివస్తుంది. ఆ చదును ముఖంలో తెగిన బంధాలు లేవు, గాలికి పట్టు దొరకదు. అంచులూ మెట్లూ ఖాళీలూ ఉన్నచోట బంధాలు తెగి ఉంటాయి. అక్కడ పట్టు దొరుకుతుంది. నున్నటి చర్మం మీద కూర్చున్న సూక్ష్మజీవి వేరు, కోసుకున్న చోట కూర్చున్నది వేరు. పెద్ద స్ఫటికంలో అంచు తక్కువ. సన్నని పట్టీలో ఎక్కువ. పైగా రసాయన చర్య జరగకుండానే, ఊరికే అంటుకున్న అణువులు కూడా ఎలక్ట్రానుల మట్టాన్ని జరపగలవు. తుప్పు లేదు అంటే మార్పు లేదు అని అర్థం కాదు.

మరి అంతా చెడిపోయినట్టేనా? కాదు. ఇదే ఈ కథలో రుచిగల భాగం. బీజింగులోని భౌతికశాస్త్ర సంస్థలో జౌ బృందం ఎవరూ సాధారణంగా చేయని పని చేసింది. ఈ స్ఫటికాలను శూన్యంలో కాకుండా మామూలు గాలిలోనే చీల్చి, ఆ తరువాత శూన్యపాత్రలో పెట్టి పరీక్షించింది. కాంతి ప్రసరించి, ఎగిరి బయటపడే ఎలక్ట్రానుల శక్తినీ దిశనూ కొలిచే పద్ధతి అది. పైనుంచి కొద్ది నానోమీటర్ల లోతుకు మించి చూడలేదు. అంటే మురికి ఏమైనా ఉంటే మొదట దొరికేది దానికే. 2012లో వారు ప్రచురించిన ఫలితం ఇది: డిరాక్ బిందువు జరిగింది, గుంటలో ఎలక్ట్రానులు చేరాయి, బొమ్మ కాస్త మసకబారింది, అయినా ఆ ఇంటూ గుర్తు అక్కడే ఉంది. గాలి దానిని చెరపలేకపోయింది. మార్పిడి చోటు మీద ఎంత దుమ్ము కప్పినా ఎడమ దేశం ఎడమదే, కుడి దేశం కుడిదే గదా!

ఈ సంగతి మిత్రుల మధ్య చెప్పినప్పుడు ఒకరు వెంటనే, "మనమూ ఇంతేనండీ, పైన కువైట్ గాలి తగిలినా లోపల తెలుగుతనం చెడలేదు" అన్నారు. చప్పట్లు పడ్డాయి. పోలిక బాగున్నా సరిపోదు. బిస్మత్ సెలినైడ్‌లో విశేషమంతా లోపల లేదు, బయటా లేదు. రెండూ కలిసే అంచు మీద ఉంది. అటువంటివారెవరైనా ఉంటే ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, వీధిలో మూడో భాష మాట్లాడే మన పిల్లలే. అంతకుమించి ఈ పోలికను సాగదీయం.

ఇంతకూ ఆ అబ్బాయికి మేము చెప్పిన జవాబు ఇది. వ్యాసం అబద్ధం రాయలేదు, సగం రాసింది. టోపాలజీ ఇచ్చే హామీ ఒక్కటే: దారి ఉంటుంది. ఆ దారిలో ఎలక్ట్రానుల మట్టం ఎక్కడ ఉండాలో, పక్కన గుంటలు ఉండకూడదనో, నడక వేగంగా సాగాలనో అది హామీ ఇవ్వలేదు. రోగికి నాడి ఆడుతోంది అన్నా, రోగి ఆరోగ్యంగా ఉన్నాడు అన్నా ఒకటి కాదు గదా. నాడి ఆడుతోందని తెలియడం చాలా పెద్ద సంగతే. కాని ఆ రోగి చేత మెట్లెక్కించాలంటే, అంటే ఆ స్ఫటికంతో పనికివచ్చే పరికరం చేయాలంటే, మిగిలినవన్నీ చక్కబరచాలి. ఆ ఉక్కు పాత్ర ఉన్నది అందుకు. దారిని కాపాడడానికి కాదు, దారిని తక్కినవాటినుంచి విడదీసి చూడడానికి.

గాలి ఎప్పుడూ శత్రువే అనుకోకండి. 2009లో ప్రిన్‌స్టన్ బృందం బిస్మత్ సెలినైడ్ మీదికి నైట్రోజన్ డయాక్సైడ్‌ను కొలిచి కొలిచి వదిలింది. అది మన ట్యూనిస్ వీధిలో కార్ల పొగలో ఉండే వాయువే. ఆస్తమా ఉన్నవారికి పడనిదే. ఆ అణువు ఎలక్ట్రానులను లాక్కునే రకం. దాంతో పైపొరలోని మట్టం దిగుతూ దిగుతూ సరిగ్గా డిరాక్ బిందువు దగ్గరకు వచ్చింది. తేమ చేరవేసినదాన్ని పొగ తీసివేసిందన్నమాట. మోతాదు తెలిస్తే విషమూ మందే అని మా వృత్తిలో అనుకుంటాం. రాళ్ళ విషయంలోనూ చెల్లింది.

ఇక శాశ్వతమైన జాగ్రత్తలు. ఆవకాయ జాడీ తెలిసినవారికి ఇది కొత్తగా చెప్పనక్కరలేదు. ముక్కల పైన నూనె తేలుతూ ఉన్నంతకాలం గాలి కిందికి దిగదు, బూజు పట్టదు. స్ఫటికపు పొరలను శూన్యంలో పెంచేవారూ ఇదే చేస్తారు. బిస్మత్ సెలినైడ్ పెంచడం పూర్తికాగానే దానిమీద ఉత్త సెలీనియం పొర, బిస్మత్ టెల్లూరైడ్ అయితే ఉత్త టెల్లూరియం పొర కప్పేస్తారు. దానితో బయటికి తీసి మరో ఊరికి పంపవచ్చు. అక్కడ మళ్ళీ శూన్యంలో పెట్టి వేడిచేస్తే, సెలీనియం అయితే 200 డిగ్రీలకు అటూఇటూగా, పైకప్పు ఆవిరై పోయి తాజా ముఖం బయటపడుతుంది. పరికరంలో ఎప్పటికీ ఉండవలసిన కప్పుకు అల్యూమినియం ఆక్సైడ్ వాడేవారున్నారు. మన గిన్నెను కాపాడే పొర ఇక్కడా కాపలా. ఏ నూనె పడితే అది ఆవకాయకు పనికిరానట్టే, ఏ కప్పు పడితే అదీ ఇక్కడ పనికిరాదు. కప్పే తన ఎలక్ట్రానులను కిందికి దించితే గాలి చేసిన పనే అదీ చేసినట్టవుతుంది.

మరో మార్గం లోపలి మట్టాన్నే సరిచేయడం. 2010లో ఒసాకాలో ఆండో బృందం బిస్మత్, టెల్లూరియం, సెలీనియం మూడూ వరుసగా అమరిన స్ఫటికం చేసి, లోపలి భాగాన్ని దాదాపు నిజమైన బంధకంగా మార్చింది. అప్పుడు మీటరులో పైపొర వాటా పెరుగుతుంది. 2013లో బీజింగులో షుయే బృందం బిస్మత్, ఆంటిమొనీ, టెల్లూరియం పొరలో క్రోమియం కలిపి, అయస్కాంత గుణంతో ఆ కాపలా నియమాన్ని కావాలనే తొలగించి, అంచుల వెంట మాత్రమే నష్టం లేకుండా పారే ప్రవాహాన్ని కొలిచింది. సున్నా కెల్విన్‌కు డిగ్రీలో వందో వంతుల దూరంలో అనుకోండి. ఇటువంటి పనులన్నింటికీ ముడిపదార్థం అతి శుద్ధంగా ఉండాలి. హైదరాబాదు చర్లపల్లిలోని సీ-మెట్ సంస్థవారు టెల్లూరియం వంటి మూలకాలను అలా శుద్ధిచేసే పనిలో ఉన్నారు. వంటకు బియ్యం ఏరినట్టు, పరమాణువులు ఏరడం వాళ్ళ పని.

కొత్తగా వచ్చిన పదార్థాలు బిస్మత్ సెలినైడ్‌కన్నా సుకుమారం. ఒకే ఒక పొరగా తీసిన టంగ్‌స్టన్ టెల్లూరైడ్‌లో అంచు ప్రవాహం 100 కెల్విన్ దాకా నిలుస్తుందని 2018లో చూపారు. కాని ఆ పొర మామూలు గాలిలో ఎంతోసేపు బతకదు. గాలి లేని పెట్టెలో చేతి తొడుగులు దూర్చి, బోరాన్ నైట్రైడ్ పలకల మధ్య పెట్టి మూసేస్తారు. 2019లో వెలుగులోకి వచ్చిన మాంగనీసు బిస్మత్ టెల్లూరైడ్‌కు అయస్కాంత గుణం పుట్టుకతోనే ఉంది. దానికీ గాలి పడదు. ఒక ఊళ్ళో పెంచిన స్ఫటికాన్ని మరో ఊళ్ళో పరీక్షించవలసి వస్తే కొందరు ‘శూన్యపు సూట్‌కేసు’ వాడుతున్నారు. చిన్న ఉక్కు పాత్ర, దానికి తగిలించిన బుల్లి పంపు, ప్రయాణమంతా ఆ పంపును నడిపే బ్యాటరీ. దాని బరువులో మనిషి చేతితో మోయవలసినదంతా ఉక్కు, పంపే. లోపల ఉన్న స్ఫటికపు పొర మాత్రం కొన్ని నానోమీటర్లు.